నీళ్ల మీటరు మనమే చూసుకోవాలి

(రీడింగ్‌లో జరిగిన వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

వీసాల గురించి, జీతాల గురించి చెప్పడానికి మాకన్నా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. మేం బిల్డింగు సైట్ల మీద బతికేవాళ్లం. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదివి, ముందు అక్కడ, తర్వాత ఇక్కడ సూపర్వైజరు పని చేస్తున్నవాళ్లం. పైపులు, గోడలు, డ్రైనేజీ, ఇవే మాకు తెలిసిన విద్య. అందుకని నీళ్ల మీటరు గురించి మాట్లాడమన్నారు. ఒప్పుకున్నాం. ఎందుకు ఒప్పుకున్నామంటే, ఆ విషయంలో మేమే ఒక తప్పు చేశాం. అది చెప్పకుండా మిగతాది చెప్పడం బాగుండదు.

ఆక్స్‌ఫర్డ్ రోడ్డు వైపు ఎర్ర ఇటుకల పాత వరస ఇళ్లు మీకు తెలుసు. అలాంటి ఇంట్లోకి మేం అయిదుగురం మారాం. అంతకుముందున్న ఇంట్లో మీటరు లేదు. ఏడాదికింత అని ఒకే బిల్లు. బకెట్టు వాడినా, రోజంతా కుళాయి తిప్పి వదిలేసినా అంతే. ఈ ఇంట్లో మీటరు ఉందని అగ్రిమెంటులో రాసే ఉంది, ఎవరం పట్టించుకోలేదు. ఆరు నెలలకు మొదటి బిల్లు వచ్చింది. మేం అనుకున్నదానికి దాదాపు ఒకటిన్నర రెట్లు.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. మాలో కరీంనగర్ తమ్ముడు ఒకడు కేర్ హోంలో చేస్తాడు. డ్యూటీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి స్నానం చేస్తాడు. యూనిఫాం విడిగా మిషన్‌లో వేస్తాడు. ఆ పనిలో అది అవసరం, సరదా కాదు. కానీ బిల్లు చేతిలో ఉన్నప్పుడు ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. "నీళ్లన్నీ నీవే తమ్మీ" అన్నాం. అతని వంతు పెంచాం. ఏమీ అనకుండా కట్టాడు. కట్టినవాడు ఊరుకుంటే ఒప్పుకున్నాడనే మనం అనుకుంటాం కదా.

తర్వాత అతను చెల్లెలి పెళ్లికని మూడు వారాలు ఊరెళ్లాడు. వెళ్లేరోజు పొద్దున ఫుట్‌పాత్ మీద మూత తీసి మీటరు ఫోటో తీసుకున్నాడు. తిరిగొచ్చిన రోజు, సూటుకేసు ఇంకా గుమ్మంలో ఉండగానే, మళ్లీ తీశాడు. రాత్రి భోజనాల దగ్గర ఫోను మా ముందు పెట్టి, "అన్నా, నేను లేని ఇరవై ఒక్క రోజులు ఇవి" అన్నాడు. అతను ఉన్నప్పుడు ఇంటికి రోజుకు సుమారు 1,050 లీటర్లు. లేనప్పుడు 930. నీళ్లన్నీ అతనివే అయితే ఇంకా ఎంత తగ్గాలి? 120 లీటర్లు తగ్గింది. ఒక మనిషికి అది మామూలు లెక్కే.

ఆ రాత్రి అందరం తలొంచుకున్నాం. మాకైతే ఇంకాస్త ఎక్కువ సిగ్గేసింది. సైటులో ప్రెషర్ టెస్టు చేయందే పైపు మీద గోడ మూయనివ్వం. గేజి ముల్లు కాస్త కదిలినా మళ్లీ విప్పిస్తాం. అదే మనుషులం ఇంట్లో ఏ టెస్టూ లేకుండా మనిషి మీద తీర్పు చెప్పాం.

అప్పుడు చేసిన టెస్టు ఏమిటో చెప్తాం. మీరూ చేసుకోవచ్చు, పనిముట్లు ఏం అక్కర్లేదు.

మీటరులో నల్ల అంకెలు, ఎర్ర అంకెలు ఉంటాయి. నల్లవి క్యూబిక్ మీటర్లు. ఒక క్యూబిక్ మీటరంటే వెయ్యి లీటర్లు. బిల్లు వేసేది వీటి మీదే. ఎర్రవి లీటర్లు. మన టెస్టుకు ఎర్రవే కావాలి. రాత్రి పదకొండున్నరకు అంకె రాసుకున్నాం. ఎవరూ కుళాయి తిప్పకూడదు, ఫ్లష్ చేయకూడదు, మిషన్ వేయకూడదు అనుకున్నాం. పొద్దున అయిదున్నరకు మళ్లీ చూశాం. ఆరు గంటల్లో 72 లీటర్లు తిరిగింది. అందరం పడుకునే ఉన్నాం. గంటకు 12 లీటర్లు, రోజుకు 288. ఏడాదికి లెక్కేస్తే నూట అయిదు క్యూబిక్ మీటర్లు. ఇంగ్లండులో మనిషి రోజుకు సుమారు 140 లీటర్లు వాడతాడని అంటారు. అంటే మా ఇంట్లో అద్దె కట్టని మనుషులు ఇంకో ఇద్దరు ఉన్నట్టు.

ఇక లీకు ఎక్కడ? వంటగది సింకు కింద స్టాప్ ట్యాప్ ఉంటుంది. కుడివైపు తిప్పితే ఇల్లంతటికీ నీళ్లు ఆగుతాయి. అది మూసి మీటరు చూడండి. ఇంకా తిరుగుతుంటే లీకు మీటరుకీ ఇంటికీ మధ్య భూమిలో ఉన్నట్టు. ఆగిపోతే లీకు ఇంటి లోపలే. మాది ఆగింది. కుళాయిలు చూశాం, పొడిగా ఉన్నాయి. షవరు చూశాం, చుక్క లేదు. మిగిలింది టాయిలెట్టు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే రీడింగ్‌లో మన ఇళ్లలో సగం గొడవ ఇదే. వెనకటి ఇంగ్లీషు ఫ్లష్ ట్యాంకుల్లో సైఫన్ ఉండేది. హ్యాండిల్ గట్టిగా నొక్కితే నీళ్లు గొట్టంలో పైకెక్కి అవతలికి దిగుతాయి. అది పాడైతే ఫ్లష్ అవ్వదు గానీ కారదు. కారకూడదనే అప్పటి రూలు. 2001 జనవరి నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఫ్లష్‌కు ఆరు లీటర్లు మించకూడదన్నారు. ట్యాంకు అడుగున వాల్వు పెట్టడానికీ, చిన్న బటను పెద్ద బటను పెట్టడానికీ ఒప్పుకున్నారు. ఉద్దేశం మంచిదే. కానీ ఆ వాల్వు కింద ఉండేది ఒక రబ్బరు వాషరు. ఇక్కడి నీళ్లు ఎలాంటివో మీ కెటిలు అడుగు చూస్తే తెలుస్తుంది. సుద్ద నేలల్లోంచి వచ్చే నీళ్లు, తెల్లగా పేరుకుంటుంది. రబ్బరు కింద కాస్త పేరుకున్నా, రబ్బరు అరిగినా, నీళ్లు గిన్నె వెనకగోడ మీదుగా పల్చగా జారుతూనే ఉంటాయి. చప్పుడు ఉండదు. కంటికి ఆనదు. అలా కారే టాయిలెట్టు రోజుకు 200 నుంచి 400 లీటర్లు తాగేస్తుంది.

కనిపెట్టడానికి ఇక్కడివాళ్లు ఫుడ్ కలర్ వేస్తారు. మాకు ముందు పసుపు తట్టింది. వేశాం. పసుపు కరగదు, ట్యాంకంతా మరక మాత్రం పట్టింది. ఆ తప్పు మీరు చేయకండి. తర్వాత గుంటూరు అన్న కేసరిలో వేసే రంగు తెచ్చాడు. చిటికెడు ట్యాంకులో వేసి, అరగంట ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉన్నాం. పై అంతస్తు టాయిలెట్టు గిన్నెలో నారింజ రంగు దిగింది. దొంగ దొరికాడు.

రిపేరు ఎవరిదన్నది తర్వాతి ప్రశ్న. ఇది అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లందరూ గుర్తుపెట్టుకోండి. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనంట్ చట్టం, సెక్షన్ 11. నీటి పైపులు, సింకు, బాత్, టాయిలెట్టు పనిచేసే స్థితిలో ఉంచడం ఓనరు బాధ్యత. అగ్రిమెంటులో వేరేగా రాసినా చెల్లదు. ఫోనులో చెప్పొద్దు, ఈమెయిల్ పెట్టండి. తేదీతో, మీటరు ఫోటోలతో పెట్టండి. మేం పెట్టాం. అయినా మా ఏజెంటు ప్లంబరును పంపడానికి మూడు వారాలు తీసుకున్నాడు. ఆ మూడు వారాలూ మేం బిల్లు పెంచుకోలేదు. ట్యాంకులోకి పోయే సన్న పైపు మీద చిన్న స్క్రూ గాడి ఉన్న వాల్వు ఉంటుంది. స్క్రూ డ్రైవరుతో పావు వంతు తిప్పితే ఆ ట్యాంకుకు మాత్రమే నీళ్లు ఆగుతాయి. తర్వాత మన పాత పద్ధతే. బకెట్టు, మగ్గు. ఎవరికీ నేర్పాల్సిన పని పడలేదు.

అంతకుమించి అద్దె ఇంట్లో మనం చేయి పెట్టకూడదు. విరిగితే ఆ ఖర్చు డిపాజిట్‌లోంచి పోతుంది. వచ్చిన ప్లంబరు చేసిందల్లా వాషరు మార్చడం, పది నిమిషాల పని. ఇక బిల్లు మాఫీ సంగతి. భూమిలో పైపు పగిలితే కంపెనీలు కొంత తగ్గించే పద్ధతి ఉంది, అడగాలి. ఇంటి లోపల టాయిలెట్టు కారితే సాధారణంగా తగ్గించరు. మాకూ తగ్గించలేదు. పోయిన డబ్బు పోయింది.

తమ్ముడి దగ్గర ఎక్కువ తీసుకున్నది తిరిగిచ్చాం. అన్న మాట తిరిగి తీసుకోవడం అంత తేలిక కాలేదు. రెండు నెలల తర్వాత అతను స్లావ్‌లో వేరే గది చూసుకుని వెళ్లిపోయాడు. డ్యూటీకి దగ్గరని చెప్పాడు. దగ్గరే, నిజమే.

ఇప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న. మా ఇంట్లో మీటరు లేదు, పెట్టించుకోవాలా?

అందరికీ మీటరు లాభం అని మేం చెప్పం. మీటరు లేని ఇంటి బిల్లు రేటబుల్ వాల్యూ అనే పాత లెక్క మీద వస్తుంది. ఆ విలువలు కట్టడం 1990 మార్చితో ఆగిపోయింది. మీరెంతమంది ఉన్నారో, ఎంత వాడతారో దానికి అక్కర్లేదు. వినియోగదారుల తరఫున సీసీడబ్ల్యూ అనే సంస్థ ఉంది. వాళ్లు చెప్పే మోటు లెక్క ఏమిటంటే, ఇంట్లో మనుషులకన్నా బెడ్రూములు ఎక్కువున్నా, రెండూ సమానంగా ఉన్నా మీటరు ఆలోచించండి. ఒంటరిగా ఫ్లాటులో ఉన్నవాళ్లకు, మొగుడూ పెళ్లాలిద్దరికీ చాలావరకు లాభమే. మూడు బెడ్రూముల్లో ఆరుగురు, ఏడుగురు ఉంటున్న మన షేరింగు ఇళ్లకు పాత బిల్లే చవక కావచ్చు. సీసీడబ్ల్యూ వెబ్‌సైటులో లెక్కగట్టే పేజీ ఉంది, ఎన్ని స్నానాలు, ఎన్ని మిషన్లు అని అడుగుతుంది. అబద్ధం చెప్పకుండా నింపండి.

పెట్టించుకుంటే మీటరుకు డబ్బు అడగరు, ఉచితం. ఆరు నెలలు లేదా అంతకు మించిన అగ్రిమెంటు ఉన్న అద్దెదారు కూడా అడగొచ్చు, ఓనరుకు ఒక మాట ముందే చెప్పడం మర్యాద. మీరు కోరి పెట్టించుకున్నదైతే, నచ్చకపోతే ఏడాదిలోగా పాత బిల్లుకు తిరిగి పోవచ్చు. మీటరున్న ఇంట్లోకి కొత్తగా దిగినవాళ్లకు ఆ వీలు లేదు. పాత వరస ఇళ్లలో రెండు మూడు ఇళ్లకు ఒకే పైపు ఉండి మీటరు పెట్టడం కుదరకపోవచ్చు. అప్పుడు అసెస్డ్ చార్జీ అడగండి, ఒంటరివాళ్లకు దాంట్లో ప్రత్యేకం రేటు ఉంటుంది. ఇది చాలామందికి తెలీదు.

ఇంకో సంగతి, మనం అడిగినా అడగకపోయినా మీటరు వచ్చే రోజు వస్తుంది. థేమ్స్ వాటర్ ప్రాంతం నీటి ఎద్దడి తీవ్రంగా ఉన్నదని ప్రభుత్వమే లెక్కలో రాసింది. అలాంటిచోట కంపెనీ తనంతట తాను మీటర్లు పెట్టొచ్చు. వానల దేశంలో ఎద్దడేమిటని మేమూ నవ్వుకున్నాం. ఫోబ్నీలో కెన్నెట్ నది నీటిని శుద్ధి చేసే కేంద్రం ఉంది. మన కుళాయిల వెనక ఉన్నది ఆ చిన్న నదే, కృష్ణా గోదావరులు కాదు. 2022 ఆగస్టులో హోస్ పైపులు వాడొద్దన్నారు. 2025 జులైలో మళ్లీ అన్నారు. అప్పుడు ఆర్‌జీ4 పోస్టుకోడు, అంటే నది అవతల కావర్షమ్ వాళ్లకు నిషేధం పెట్టారు, ఇవతల ఉన్న మనకు పెట్టలేదు. ఒకే ఊళ్లో వంతెన దాటితే రూలు మారింది.

రేట్లూ చూస్తున్నారు కదా. 2025 ఏప్రిల్ నుంచి థేమ్స్ వాటర్ సగటు ఇంటి బిల్లు 488 పౌండ్ల నుంచి 639కి, అంటే 31 శాతం పెరిగింది. బిల్లులో రెండు రేట్లు ఉంటాయి, వచ్చే నీళ్లకొకటి, పోయే మురుగుకొకటి. రెండూ మీటరు అంకె మీదే లెక్క. అందుకే ఒక లీటరు మిగిల్చితే రెండుచోట్ల మిగులుతుంది. వేడినీళ్లయితే గ్యాసులో మూడోచోట. మీ ఇంటి వాననీళ్లు మురుగు కాలవలోకి పోకుండా తోటలో ఇంకుడు గుంతలోకి పోతుంటే, ఆ మేరకు తగ్గించమని కూడా అడగొచ్చు. సొంతిల్లు కొన్నవాళ్లు ఇది చూసుకోండి.

తగ్గించడం ఎలాగంటే, పెద్ద విద్యలేం లేవు. మేం కట్టే కొత్త ఇళ్లకు నిబంధన మనిషికి రోజుకు 125 లీటర్లు. కొన్ని కౌన్సిళ్లు 110 అడుగుతాయి. దానికి తగ్గట్టు కుళాయిల్లో, షవర్లలో చిన్న బిళ్లలు పెట్టి ధార తగ్గిస్తాం. ఇల్లు అప్పగించిన వారానికే కొంతమంది వాటిని పీకేస్తారు, అది వేరే కథ. పాత ఇంట్లో అయితే ముందు మీ షవరు కింద బకెట్టు పెట్టి నిమిషం ఎంత పడుతుందో చూడండి. ఎలక్ట్రిక్ షవరు అయితే అయిదారు లీటర్లు, పంపు ఉన్న పవర్ షవరు అయితే పదిహేను దాకా పోతుంది. పది నిమిషాలకు నూటయాభై, బాత్ టబ్బు నింపినదానికన్నా ఎక్కువ. ధార తగ్గించే తలకాయలు దొరుకుతాయి, కానీ ఎలక్ట్రిక్ షవరుకు అవి పెట్టొద్దు, లోపల నీళ్లు వేడెక్కిపోతాయి. ఆ షవరు ముందే పొదుపు.

వంటగదిలో మన అలవాటే మనకు శత్రువు. కుళాయి పారుతుండగా గిన్నెలు తోమడం. ఊళ్లో బోరు మోటరు వేసి తోమినట్టు తోముతాం. నిమిషానికి ఆరు లీటర్లు అనుకున్నా, అయిదుగురి గిన్నెలకు ఇరవై నిమిషాలు పడుతుంది. మేం సింకులో ప్లాస్టిక్ టబ్బు పెట్టాం. బియ్యం కడిగిన నీళ్లు వెనక కరివేపాకు కుండీకి. చలికి ఆ మొక్క ఎలాగూ బతకలేదనుకోండి.

ఇవన్నీ చేశాక ఇప్పుడు మా ఇంటికి రోజుకు 640 లీటర్లు అవుతోంది. తమ్ముడి గదిలోకి ఇంకొకరు వచ్చారు కాబట్టి ఇప్పటికీ అయిదుగురమే. హైదరాబాదులో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం, పనిచేసే మీటరు ఉంటే. మాది నెలకు 19,200. అక్కడైతే మాకు బిల్లే లేదు. ఇక్కడ ఉంది, కట్టుకుంటున్నాం.

కట్టలేని వాళ్ల సంగతి. వాటర్‌షూర్ అనే పథకం బెనిఫిట్లు తీసుకునే ఇళ్లకు, అందులోనూ ముగ్గురు లేదా అంతకన్నా ఎక్కువ పిల్లలున్నా, నీళ్లు ఎక్కువ కావలసిన జబ్బున్నా. వర్క్ వీసా మీదున్న మనలో ఎక్కువమందికి అది కుదరదు. కానీ వాటర్‌హెల్ప్ అని థేమ్స్ వాటర్‌దే ఇంకొకటి ఉంది. అది ఇంటి ఆదాయం చూసి ఇస్తారు, బిల్లు సగం తగ్గుతుంది. గంటలు తగ్గి జీతం పడిపోయినవాళ్లు అడగండి. సిగ్గుపడి బిల్లు సొరుగులో పడేయకండి. బాకీ వివరాలు క్రెడిట్ సంస్థలకు పోతే రేపు ఫోను కాంట్రాక్టు దగ్గర్నుంచి ఇంటి లోను దాకా అడ్డం పడుతుంది. అలాగని భయపడాల్సిన పనీ లేదు. 1999 చట్టం ప్రకారం బిల్లు కట్టలేదని మనం నివసించే ఇంటికి నీళ్లు కట్ చేయకూడదు. గంటలో కట్టకపోతే నీళ్లు ఆపేస్తామని ఎవరైనా ఫోను చేస్తే కార్డు నంబరు చెప్పకండి. పెట్టేసి, బిల్లు మీదున్న నంబరుకు మీరే చేసుకోండి.

చివరగా ఇళ్లు మారే వాళ్లకు. మనం ఏడాదికో ఇల్లు మారేవాళ్లం. తాళాలు తీసుకున్న రోజే మీటరు ఫోటో, ఇచ్చేసే రోజు మళ్లీ ఫోటో. రెండూ కంపెనీకి పంపండి, ఖాతా మూసేయించండి. లేకపోతే మీరు వెళ్లాక వచ్చినవాళ్లు తాగిన నీళ్లు మీ పేరు మీద పడతాయి. షేరింగు ఇంట్లో ఖాతా ఒక్కరి పేరు మీదే ఉంచకండి. ఆ ఒక్కరు ఇండియా వెళ్లిపోతే ఏమవుతుందో ఇక్కడ ఇద్దరు ముగ్గురికి తెలుసు.

భోజనాల తర్వాత వెనక బల్ల దగ్గర ఉంటాం. బిల్లు తెచ్చుకున్నవాళ్లు రండి, కలిసి చూద్దాం. మీటరు ఎక్కడుందో తెలియనివాళ్లు ఇంటి ముందు ఫుట్‌పాత్ ఫోటో తీసుకుని వాట్సాప్‌లో పెట్టండి, మూత ఏదో చెప్తాం. కేసరి రంగు పొట్లాలు యాభై తెచ్చాం, ఇంటికొకటి తీసుకెళ్లండి. పసుపు మాత్రం వేయకండి.